సెప్టెంబర్ జింకకు మాటు ఎక్కడ? అమెరికాలోని ఒహాయో కొండల్లో నేల వాటం చూసి వేట ప్లాన్ చేసుకునే పద్ధతి

మొదటి ఏడాది నేను చేసిన తప్పుతో మొదలుపెడతాను. ఒహాయో రాజధాని కొలంబస్ నుంచి గంటన్నర లోపు దూరంలో, వేన్ నేషనల్ ఫారెస్ట్‌లో ఏథెన్స్ అనే ఊరి వైపు భాగంలో, మ్యాప్ మీద నాకు ఒక చక్కటి కనుమ దొరికింది. రెండు గుట్టల మధ్య కొండ వెన్ను కాస్త కుంగిన చోటు. ఏ వీడియో చూసినా జింకలు అలాంటి చోటనే కొండ దాటతాయని చెబుతున్నారు. సీజన్ మొదలైన వారంలోనే నాలుగు సాయంత్రాలు అక్కడ చెట్టెక్కి కూర్చున్నాను. ఉడతలు తప్ప ఏమీ రాలేదు. అదే చెట్టు మీద నవంబర్ రెండో వారంలో కూర్చుంటే ఒక్క పొద్దున మూడు పోతులు, అంటే మగజింకలు, నడిచిపోయాయి.

చోటు సరైనదే, నెల తప్పు. నవంబర్‌లో పోతు ఆడజింకల వెంట మైళ్ల కొద్దీ తిరుగుతుంది, కొండలు దాటుతుంది, కాబట్టి కనుమ పనికొస్తుంది. సెప్టెంబర్ చివర్లో దానికి ఆ యావ ఉండదు. పొట్ట నింపుకోవాలి, ఎండలో తిరగకూడదు, మళ్లీ పడుకోవాలి. అందుకని ఈ నెల కోసం మ్యాప్‌ను వేరేగా చదవాలి. ఎలాగో వివరంగా చెబుతాను. నేను తిరిగింది ఆగ్నేయ ఒహాయో కాబట్టి ఉదాహరణలు అక్కడివే. వెస్ట్ వర్జీనియా, కెంటకీ, పెన్సిల్వేనియా కొండల్లో కూడా నేల దాదాపు ఇలాగే ఉంటుంది.

ముందు కాగితాలు

ఊళ్లో ఎవరికైనా జింక వేటకు వెళ్లానని చెబితే ఉలిక్కిపడతారు. పడాలి కూడా. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. తమాషా ఏమిటంటే ఒహాయో రాష్ట్ర జంతువు కూడా జింకే, తెల్లతోక జింక. 20వ శతాబ్దం మొదట్లో అది ఈ రాష్ట్రంలో దాదాపు లేకుండా పోయింది. మళ్లీ తెచ్చి పెంచారు. 1943లో మూడు కౌంటీల్లో వేట తిరిగి మొదలైంది. ఇప్పుడు 88 కౌంటీల్లోనూ ఉంది. అడవుల్లో వీటిని తినే పెద్ద జంతువులు మిగల్లేదు కాబట్టి సంఖ్యను అదుపులో ఉంచే పని ఎక్కువగా వేట సీజన్ మీదే పడింది.

బాణాల సీజన్ సాధారణంగా సెప్టెంబర్ చివరి శనివారం మొదలవుతుంది. హంటింగ్ లైసెన్స్, దానిపైన జింక పర్మిట్ కావాలి. మొదటిసారి లైసెన్స్ తీసుకునేవాళ్లు సాధారణంగా హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేయాలి. ప్రైవేటు భూమిలో అడుగుపెట్టాలంటే యజమాని రాతపూర్వక అనుమతి మీ జేబులో ఉండాలి, నోటిమాట చాలదు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకే వేట. కొమ్ముల పోతు ఏడాదికి ఒక్కటే. మిగతా పరిమితులు కౌంటీని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి, ఆ ఏటి రూల్స్ పుస్తకం చూసుకోండి.

హెచ్‌1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటుంది. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు అందులో మినహాయింపు ఉంది. విల్లుకీ క్రాస్‌బోకీ ఆ గొడవే లేదు, అవి ఆ చట్టం లెక్కలో తుపాకులు కావు. సీజన్ మొదట్లో వేట ఎటూ బాణాలతోనే కాబట్టి నేనైతే అక్కడితో ఆగమంటాను. తుపాకీ దాకా వెళ్లాలనుకుంటే ముందు లాయర్‌ని అడగండి.

చెరువు గట్టు మీద గీతలు

నేల ఎత్తుపల్లాలు చూపే టోపో మ్యాప్ కావాలి. కాల్‌టోపో, ఆన్‌ఎక్స్ లాంటి మ్యాప్ యాప్‌లు, అమెరికా ప్రభుత్వ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ మ్యాపులు, ఏదైనా పరవాలేదు. వాటి మీద గోధుమరంగు గీతలు వంకరలు తిరిగి ఉంటాయి. అవి ఏమిటో నాకు చప్పున అర్థమైంది మా ఊరి చెరువు గుర్తొచ్చినప్పుడే. ఎండాకాలం చెరువులో నీళ్లు తగ్గేకొద్దీ లోపలి ఒడ్డు మీద వరుసగా చారలు మిగులుతాయి కదా. ఒక్కో చార ఒక్కో రోజు నీటిమట్టం. ఒడ్డు నిటారుగా ఉన్నచోట చారలు దగ్గరదగ్గరగా ఉంటాయి, నేల చదునుగా ఉన్నచోట ఎడంగా జరుగుతాయి. టోపో గీతలు అచ్చం అవే. ఈ ప్రాంతపు మ్యాపుల్లో ఒక గీతకీ మరో గీతకీ మధ్య సాధారణంగా 20 అడుగుల ఎత్తు తేడా.

ఆ గీతల్లో వెతకాల్సినవి కొన్నే. గీతలు ‘వి’ ఆకారంలో వంగి, ఆ మొన ఎత్తు వైపు చూస్తుంటే అది వంక, నీళ్లు దిగే దారి. మొన పల్లం వైపు చూస్తుంటే కొండ నుంచి బయటికి పొడుచుకొచ్చిన ముక్కు. రెండు గుండ్రటి గుట్టల మధ్య గీతలు నడుం సన్నబడినట్టు ఉంటే కనుమ. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, కొత్తవాళ్ల కంటికి ఆననిది, అరుగు. దగ్గరదగ్గరగా వస్తున్న గీతలు వాలు మధ్యలో ఒకచోట ఎడమై, మళ్లీ దగ్గరవుతాయి. నిటారు కొండపక్కకి ఇంటి ముందు అరుగులాగా అతుక్కుని ఉండే చదును అది. కొన్ని 15 గజాల వెడల్పే ఉంటాయి. 20 అడుగుల గీతల మధ్య అలాంటివి దాక్కుపోతాయి. అందుకే టోపోతో పాటు లైడార్ హిల్‌షేడ్ లేయర్ కూడా వేసి చూడండి. చెట్లన్నీ తీసేసి నేలను మాత్రం చూపించే నీడల బొమ్మ అది. అరుగులు, పాత గని రోడ్లు, కట్టెలు లాగిన దారులు అందులో గీసినట్టు కనిపిస్తాయి. ఈ వైపు బొగ్గు తవ్విన కొండలు చాలా ఉన్నాయి కాబట్టి కొన్ని అరుగులు మనుషులు చేసినవే. ఎవరు చేసినా జింకకు ఒకటే.

మొదట పడక

చాలామంది తిండి దగ్గర మొదలుపెడతారు. నేను పడక దగ్గర మొదలుపెడతాను. ఎందుకంటే సెప్టెంబర్‌లో, ముఖ్యంగా వయసొచ్చిన పోతు, వెలుగుండగా నడిచేది పడక చుట్టూ కొద్ది దూరమే. పొలం గట్టు దాకా అది వచ్చేసరికి మీకు బాణం మొన కూడా కనపడదు.

కొండల్లో పడక ఎక్కడుంటుందో గాలి చెబుతుంది. ఒహాయోలో ఈ కాలంలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి, పడమర నుంచి వీస్తుంది. అప్పుడు గాలి తగలని వైపు, అంటే ఈశాన్యపు వాలు మీద, పైనుంచి మూడో వంతు ఎత్తులో పడకలు వెతకండి. కారణం తెలిస్తే మ్యాప్ మీద మీరే పెట్టేస్తారు. వెన్ను మీదుగా వచ్చే గాలి జింక వెనక ఏముందో వాసన చెబుతుంది. ముందున్న పల్లమంతా కంటికి కనిపిస్తుంది. పగలు నేల వేడెక్కినప్పుడు కింది నుంచి పైకి లేచే గాలి లోయలో ఏముందో మోసుకొస్తుంది. వెనక ముక్కు, ముందు కన్ను. పైగా ఈశాన్యపు వాలు మీద మధ్యాహ్నం దాటితే నీడ. ఇంకా 80 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండే రోజుల్లో దానికి అదే ఏసీ.

ఆ ఎత్తులో కొండ ముక్కు ఉంటే మ్యాప్ మీద మొదటి పిన్ను, అంటే గుర్తు, అక్కడ పెట్టండి. మూడు వైపులా చూపు ఆనే చోటు అది. రెండోది, పాత గని నేలల్లో పెరిగిన ఆటమ్ ఆలివ్, ముళ్ల గులాబీ పొదలు. వాటిలో ఆడజింకలు, పిల్లలు ఎక్కువ. శాటిలైట్ బొమ్మలో పెద్ద చెట్ల గొడుగుల మధ్య పొట్టిగా, నలిగిన గుడ్డలా కనిపిస్తాయి.

వేసవిలో పోతులు గుంపుగా తిరుగుతాయి. ఆగస్టు చివర, సెప్టెంబర్ మొదట్లో కొమ్ముల మీది మఖమల్ లాంటి తోలు ఊడిపోయాక ఆ స్నేహాలు నెమ్మదిగా చెడిపోతాయి. అందుకని జూలైలో సోయా పొలంలో చూసిన పోతు సీజన్‌నాటికి అక్కడే ఉంటుందని నమ్మకం పెట్టుకోవద్దు. పడక వెతకడానికి అడవి లోపలికి వెళ్లి చూడాల్సిందే అనుకుంటే ఫిబ్రవరి, మార్చిలో వెళ్లండి. ఆకు ఉండదు, పడకల గుంటలు, కొమ్ములు రుద్దిన చెట్లు స్పష్టంగా కనిపిస్తాయి, మీ వాసన సీజన్‌నాటికి మిగలదు. సెప్టెంబర్ మధ్యలో పడకల్లోకి నడిచి చూస్తే మీరు నేర్చుకునేది ఒకటే, అక్కడ జింకలు ఉండేవని.

తర్వాత తిండి, అది వారం వారం మారుతుంది

సోయా ఆకు పచ్చగా ఉన్నంతకాలం పొలమే విందు. ఆకు పసుపెక్కిన రోజు నుంచి గిరాకీ పడిపోతుంది. సరిగ్గా అదే సమయంలో కొండ మీద ఓక్ కాయలు రాలడం మొదలవుతుంది. పొలంలో కెమెరాలు పెట్టుకుని జింకలు ఎటు పోయాయని తల పట్టుకునేవాళ్లంతా ఈ వారంలోనే పట్టుకుంటారు. అవి ఎటూ పోలేదు, 200 గజాలు పైకెక్కాయి.

ఓక్‌లో రెండు జాతులు గుర్తుపడితే చాలు. తెల్ల ఓక్ ఆకు అంచులు వేళ్ల చివరల్లా గుండ్రంగా ఉంటాయి, ఎర్ర ఓక్ ఆకు అంచులు మొనదేలి ఉంటాయి. ఎర్ర ఓక్ కాయలో వగరు ఎక్కువ. తెల్ల ఓక్ కాయలో తక్కువ, అందుకని జింకలు ముందు దాన్ని ఖాళీ చేస్తాయి. తెల్ల ఓక్ కాయ పూసిన ఏడాదే పండుతుంది, ఎర్ర ఓక్ కాయకు రెండేళ్లు పడుతుంది. అంటే ఈ ఏప్రిల్‌లో ఆలస్యంగా మంచు పడి పూత మాడిపోతే ఈ ఏడాది తెల్ల ఓక్ ఉండకపోవచ్చు, ఎర్ర ఓక్ మాత్రం కాయవచ్చు. అలాంటి ఏడు ప్లాన్ మొత్తం ఎర్ర ఓక్ చుట్టూ తిప్పుకోవాలి.

ఆగస్టు చివర్లో బైనాక్యులర్స్‌తో చెట్ల తలలు చూడండి. పక్కపక్కనే ఉన్న చెట్లలో ఒకటి విరగకాస్తుంది, ఇంకొకటి గొడ్డు. కాసిన చెట్టునే పిన్ను చేయండి. మొట్టమొదట రాలే కాయల్లో పురుగు పట్టినవే ఎక్కువ, వాటిని చూసి తొందరపడొద్దు. కింద నలిగిన చిప్పలు, తాజా పెంటికలు, కాళ్లతో గీకి తిరగేసిన ఆకులు ఒకేచోట కనిపిస్తే అదీ చెట్టు. ఎండలు గట్టిగా ఉండి వంకలు ఎండిపోయిన ఏడాదైతే నీళ్ల గుంట కూడా తిండితో సమానం. గని నేలల్లో చిన్న చిన్న కుంటలు ఉంటాయి, మ్యాప్ మీద నీలం చుక్కలు వదలకండి.

అరుగు ఎందుకు

ఇప్పుడు మ్యాప్ మీద పడక పిన్నులు పైన ఉన్నాయి, పొలమో వాగో కింద ఉంది. మధ్యలో వాలు. జింక నిటారు వాలు మీద సూటిగా దిగదు, మనలాగే అడ్డంగా, ఏటవాలుగా నడుస్తుంది. అరుగు దొరికితే దాని మీద ఆగుతుంది. అక్కడ మట్టి లోతుగా ఉంటుంది, తేమ నిలుస్తుంది, ఓక్‌లు బాగా పెరుగుతాయి. కింద పొలానికి వెళ్లాలన్నా చీకటి పడేదాకా ఆ అరుగు మీదే కాయలు నములుతూ కాలక్షేపం చేస్తుంది. మనకు వెలుగుండగా జింక కనిపించే చోటు అదే. కాబట్టి పడక పిన్ను నుంచి కిందికి చూస్తూ రండి. మొదటి అరుగు, దాని మీద కాసిన తెల్ల ఓక్, ఈ రెండూ 100 నుంచి 200 గజాల లోపు కలిస్తే ఆ చోటు మీద ఒక చుక్క పెట్టుకోండి. అరుగును వంక కోసిన చోటు ఉంటే ఇంకా మంచిది. వంక తల చుట్టూ జింకలు ఒకే బాటలో తిరిగి దాటతాయి.

పొలం మూల, వాగు దాటే చోటు, కంచె విరిగిన చోటు, ఇవీ చోట్లే. సోయా ఇంకా పచ్చగా ఉన్న ఏడు, ప్రైవేటు భూమి దొరికినవాళ్లకు, అడవి పొలంలోకి చొచ్చుకొచ్చిన మూల మొదటి వారం బాగా పనిచేస్తుంది. నాకు అలాంటి భూమి లేదు కాబట్టి ఎక్కువ చెప్పను.

గాలి, ఓపిగ్గా చదవాల్సిన భాగం

పైన చెప్పినదంతా సరిగ్గా చేసి కూడా చెట్టు మీద ఖాళీగా కూర్చుంటున్నారంటే అనుమానించాల్సింది గాలినే. జింక మిమ్మల్ని చూస్తే ఒకసారి ఆగి మళ్లీ చూస్తుంది, అలికిడి వింటే చెవులు రిక్కిస్తుంది. పసిగట్టిందంటే మాత్రం రెండో ఆలోచన లేదు, తోక ఎత్తి పోతుంది, పోతూ ముక్కుతో బుస కొట్టి అడవంతా చాటింపేస్తుంది.

కొండల్లో గాలి రెండు రకాలు. ఒకటి ఫోన్‌లో వాతావరణం యాప్ చూపించేది. రెండోది యాప్‌లో కనిపించనిది, నేల వేడిని బట్టి వాలు వెంట ఎక్కి దిగే గాలి. పొద్దెక్కి వాలు మీద ఎండ పడ్డాక గాలి పైకి పాకుతుంది. సాయంత్రం ఎండ ఆ వాలు మీద నుంచి తొలగిన కాసేపటికే చల్లబడిన గాలి బరువెక్కి కిందికి జారుతుంది. అది నీళ్లలాగే నడుస్తుంది. వాలు మీద నుంచి వంకలోకి, వంకల నుంచి వాగులోకి, వాగు వెంట పల్లానికి. వర్షం పడితే ఏ దారిన నీళ్లు పోతాయో సాయంత్రం మీ వాసన ఆ దారినే పోతుంది. బయటి గాలి గట్టిగా వీస్తే ఇది లొంగిపోతుంది, బయటి గాలి పడిపోయిన చివరి గంటలో ఇదే రాజ్యం చేస్తుంది. జింక వచ్చేదీ ఆ గంటలోనే.

దీన్ని పరీక్షించడానికి ఇక్కడివాళ్లు మిల్క్‌వీడ్ దూది వాడతారు. మొదటిసారి చేతిలోకి తీసుకోగానే నాకు నవ్వొచ్చింది, అది మన జిల్లేడు దూదే, దాని కుటుంబమే. చిన్నప్పుడు ఊదుకుంటూ వెంట పరిగెత్తిన ఆ పింజె గాలి ఎటు పోతుందో 50, 60 గజాల దాకా చూపిస్తుంది. గాలి చూడటానికి వాడే పొడి సీసా నొక్కితే ముక్కు ముందు గాలి మాత్రమే తెలుస్తుంది. సెప్టెంబర్‌లో పండిన కాయలు రోడ్ల పక్కనే దొరుకుతాయి. ఒక డబ్బాలో వేసుకుని, మంచె మీద అరగంటకోసారి ఒక పింజె వదలండి. వారం రోజులు సాయంత్రాలు ఊరికే వెళ్లి, పడకలకు దూరంగా, అలాంటిదే ఇంకో వాలు మీద వదిలి చూసినా చాలు. నేల గాలిని ఎలా తిప్పుతుందో కళ్లతో చూస్తారు.

దీని నుంచి తేలే పద్ధతి సూటిగానే ఉంటుంది. సాయంత్రం మీరు జింక నడిచే గీతకు కిందివైపు అంచున ఉండాలి, మీ వాసన ఇంకా కిందికి జారిపోవాలి. జింక మీ కంటే పల్లంలో ఉంటే వాసన దాని మీదికే పోతుంది. ఉదయం ఎండ వాలు మీద పడ్డాక ఇది తలకిందులు, అప్పుడు మీరు పైన ఉండాలి. గాలి గంటకు 15 మైళ్లు దాటిన రోజు కొండ చాటున సుడి తిరుగుతుంది. ఆ రోజు లోయల్లో కూర్చోకండి, వెన్ను మీదకి వెళ్లండి, లేదా ఇంట్లో పని చూసుకోండి.

ఉదయం వేట గురించి నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోనివాళ్లు ఉంటారు. సీజన్ మొదటి రెండు వారాలు నేను పొద్దున వెళ్లను. చీకట్లో జింకలు తిండి దగ్గరే ఉంటాయి, మనం నడిచే దారి వాటి మధ్య నుంచే. ఒక్క పొద్దున కోసం పది సాయంత్రాలు పాడుచేసుకోవడం నాకు లాభం అనిపించలేదు.

వెళ్లే దారి, వచ్చే దారి

చోటు కంటే దారి కష్టం. మ్యాప్ మీద కారు ఆపే చోటు నుంచి చుక్క దాకా గీత గీయండి. ఆ గీత పడక పిన్నులకు కనిపించకూడదు, వాటి గాలికి పైన ఉండకూడదు, జింకలు నడిచే బాటను కోయకూడదు. కొండ వెన్ను మీద నడక హాయిగా ఉంటుంది, అందుకే అందరూ అటే పోతారు, అందుకే పోతు ఆ వెన్ను కింద పడుకుని వచ్చేవాళ్లందరినీ వాసన చూస్తుంటుంది. వాగు అడుగున నడిస్తే బట్టలు తడుస్తాయి, కానీ ఒడ్లు మిమ్మల్ని దాస్తాయి, నీళ్ల చప్పుడు అడుగుల చప్పుడును కప్పేస్తుంది.

తిరిగొచ్చే దారి గురించి ఎవరూ ఆలోచించరు. చీకటి పడేసరికి మీ చెట్టు కింద జింకలు మేస్తుంటే దిగడం ఎలా? దిగితే రేపు అవి చీకటి పడ్డాకే వస్తాయి. నేను అవి కదిలిపోయేదాకా కూర్చుంటాను. ఒకసారి గంటన్నర కూర్చున్నాను, ఇంటి నుంచి ఏడు మిస్డ్ కాల్స్. అప్పటి నుంచి రాత్రి పది దాకా కంగారు పడొద్దని ముందే చెప్పి, లొకేషన్ షేర్ చేసి వెళుతున్నాను.

ఒక లోయ, ఒక సాయంత్రం

ఇదంతా ఒకచోట పెట్టి చూపిస్తాను. లోయ పేరు చెప్పను, ఆ పిసినారితనం వేటగాళ్లందరికీ ఉన్నదే. వెన్ను 980 అడుగుల ఎత్తు, వాగు 740. వాలు ఈశాన్యానికి చూస్తుంది. 920 గీత దగ్గర ఒక ముక్కు పొడుచుకొచ్చింది, అక్కడ పడకలు ఉన్నాయని మార్చిలో నడిచి చూసుకున్నాను. 840, 860 గీతల మధ్య ఎడం, అది అరుగు, 30 గజాల వెడల్పు. దాని మీద నాలుగు తెల్ల ఓక్‌లు, ఆగస్టులో చూస్తే రెండింటికి కాపు. అరుగు ఉత్తరపు కొసను ఒక వంక కోసేస్తుంది.

నైరుతి గాలి గంటకు 5 నుంచి 10 మైళ్లు ఉన్న రోజు కోసం ఆగుతాను. మధ్యాహ్నం మూడింటికి కింద వాగు వెంట నడుస్తాను. ఆ సమయంలో కింది గాలి పైకి లేచే ప్రమాదం ఉంది, కానీ ఈశాన్యపు వాలు ముందే నీడపడుతుంది, పైనుంచి వచ్చే నైరుతి గాలి నా వాసనను ఈశాన్యానికి, అంటే పడకలకు దూరంగా తోస్తుంది. గాలి పూర్తిగా స్తంభించిన రోజు ఇదే దారి నా కొంప ముంచుతుంది, ఆ రోజు ఇక్కడికి రాను. వంక పక్క నుంచి చివరి 100 అడుగులు నెమ్మదిగా ఎక్కి, అరుగు కిందివైపు అంచున ఉన్న చెట్టు మీద మంచె. ఆ తేదీల్లో కొలంబస్ వైపు పొద్దుగూకేది సుమారు 7:20కి, బాణం వేయడానికి 7:50 దాకా సమయం. ఆరున్నర ప్రాంతంలో దూది పింజె వదిలితే నేరుగా కిందికి, వాగు వైపు దిగిపోవాలి. పైకి గానీ అరుగు వెంట గానీ తేలితే లేచి వచ్చేస్తాను. అలా రెండుసార్లు వచ్చేశాను. మూడోసారి 6:50కి ముందు రెండు ఆడజింకలు, వాటి వెనక ఒక రెండేళ్ల పోతు, 80 అడుగుల ఎత్తు దిగి, కాయల కింద ఆగాయి.

ఆ చోట మొదటి సాయంత్రం ఉన్నంత అవకాశం రెండోసారి ఉండదు, మూడోసారి ఇంకా తక్కువ. అందుకే ఇలాంటి చుక్కలు కనీసం నాలుగు, వేర్వేరు గాలులకు వేర్వేరుగా, సిద్ధంగా ఉంచుకోవాలి. దక్షిణపు గాలికి ఒకటి, వాయవ్యపు గాలికి ఒకటి. చల్లగాలి దిగి వర్షం వెలిసిన మొదటి సాయంత్రానికి అన్నిటికంటే మంచిదాన్ని దాచిపెట్టండి. అక్టోబర్ 20 దాటి ఆకు రాలడం, నేల మీద పోతులు గీకిన గుర్తులు మొదలయ్యాయంటే ఈ ప్లాన్ గడువు తీరినట్టే, కనుమల పిన్నులు అప్పుడు తెరవండి.

మంచె

వాలు మీద మంచె కడితే ఎత్తు లెక్క మారుతుంది. చెట్టు మొదలు నుంచి 18 అడుగులు ఎక్కినా, ఎగువన ఉన్న జింక కంటికి మీరు ఎదురుగానే ఉండవచ్చు. కాబట్టి వెనక కొమ్మలు, పక్క చెట్ల ఆకులు ఉన్న చెట్టు ఎంచుకోండి, ఆకాశం వెనకాల పెట్టుకుని కూర్చోకండి. ఆకు ఇంకా పచ్చిగా దట్టంగా ఉంటుంది, 20 గజాలు దాటి ఎక్కడా సందు దొరకదు, అది మంచిదే. ప్రభుత్వ అడవిలో కొమ్మలు నరకడం, చెట్టుకు మేకులు కొట్టడం గురించి అక్కడి నిబంధనలు చూసుకోండి.

ఒళ్లంతా పట్టే హార్నెస్ నేల మీదే తొడుక్కుని, కాలు నేల వదిలినప్పటి నుంచి మళ్లీ నేల తాకేదాకా తాడుకు కట్టుకుని ఉండాలి. వేటలో బాణం తగిలి దెబ్బలు తినేవాళ్ల కంటే చెట్టు మీద నుంచి పడేవాళ్ల గురించే ఎక్కువ వింటాం. బట్టలకు ముందురోజే పెర్మెత్రిన్ అనే పురుగుమందు కొట్టి ఆరబెట్టండి. ఈ కొండల్లో లైమ్ జబ్బు తెచ్చే పిడుదులు ఉన్నాయి. ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, నడుం చుట్టూ వెతుక్కోండి.

బాణం వదిలాక

ఊపిరితిత్తుల్లో తగిలిందని నమ్మకం ఉంటే అరగంట ఆగి నెత్తురు జాడ పట్టండి. పొట్టలో తగిలిందనిపిస్తే చాలా గంటలు ఆగాలి, తొందరపడి లేపితే దొరకదు. దెబ్బ తిన్న జింక ఎక్కువసార్లు పల్లానికే దిగుతుంది, జాడ పోతే మొదట కింది వంకలు, నీళ్ల దగ్గర చూడండి.

సెప్టెంబర్‌లో అసలు టెన్షన్ వేడి. రాత్రి కూడా 60 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండవచ్చు. మాంసం 40కి దిగితేనే నిలుస్తుంది. కడుపు అక్కడికక్కడే తీసేయాలి. కారులో రెండు కూలర్లు, లోపల నీళ్లు పోసి గడ్డకట్టించిన పాల డబ్బాలు ముందే ఉంచుకోండి. వాటిని ఖాళీ కడుపులో పెట్టి మూసేస్తే ఇంటిదాకా చల్లగా ఉంటుంది. ఇక్కడ కూడా నేల వాటం ముందే లెక్క చూసుకోవాలి. 150 పౌన్ల పోతును 240 అడుగులు పైకి లాగడం ఒక్కడి వల్ల కాదు. నా లోయలో వాగు వెంట కిందికి లాగితే పాత గని రోడ్డు తగులుతుంది, బాణం వదలకముందే ఆ దారి మ్యాప్‌లో గీసి ఉంటుంది. అలాంటి దారి లేని చోటైతే ముక్కలుగా మోసుకురావడానికి వీపు సంచీ, గుడ్డ సంచులు తీసుకెళ్లాలి. అలా కోయడానికి నిబంధనలు ఏమంటున్నాయో ముందే చదవండి.

మర్నాడు మధ్యాహ్నం 12 లోపు ఫోన్‌లోనో యాప్‌లోనో గేమ్ చెక్, అంటే వేటాడిన జింకను నమోదు చేయడం, పూర్తిచేసి, వచ్చిన నంబర్ ట్యాగ్ మీద రాసుకోవాలి. కూరకైతే తెల్లటి కొవ్వు, మెరిసే పొర పూర్తిగా ఒలిచేయండి. నీచు వాసన అంతా వాటిలోనే ఉంటుంది, ఎంత మసాలా వేసినా దాన్ని కప్పలేరు.